జబ్బు పేరు ఇంకా తేలలేదు గానీ థాంక్స్ మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నా

అందరికీ నమస్కారం. చాలామంది ఫోన్లు చేస్తున్నారు, మెసేజ్‌లు పెడుతున్నారు, ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. ముందు విషయం చెప్పేస్తా. నాకు పేగుల్లో పుళ్ళు ఉన్నాయి, చిన్నపేగు చివర, పెద్దపేగుతో కలిసే చోట. అది క్రోన్స్ డిసీజ్ (పేగుల్లో ఏళ్ళ తరబడి వాపు, పుళ్ళు వస్తూ పోతూ ఉండే జబ్బు) అయ్యుండొచ్చు, పేగు టీబీ అయినా అయ్యుండొచ్చు. డాక్టరుగారు క్రోన్స్ వైపే మొగ్గుతున్నారు గానీ ఇంకా ఖాయం చెయ్యలేదు. తేలాక రాద్దువులే అన్నారు మావారు. కానీ ఈ అటూ ఇటూ కాని రోజుల్లోనే నన్ను నిలబెట్టినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి థాంక్స్ చెప్పడానికి ల్యాబ్ రిపోర్టు ఎందుకు చెప్పండి.

కడుపులో కుడిపక్క కింద నొప్పి, తినగానే బాత్రూమ్‌కి పరుగు, బరువు తగ్గిపోవడం, నోట్లో పుళ్ళు, మోకాళ్ళ నొప్పులు, రక్తం తక్కువ. ఇవన్నీ వేరు వేరు సంగతులనుకుని వేరు వేరు మందులు వాడుతూ వచ్చాం, ఒక క్లినిక్‌లో అయితే ఎన్నిసార్లు వెళ్ళినా గ్యాస్ అనే అన్నారు, సరే ఆ గొడవ ఇప్పుడెందుకులే.

మొట్టమొదట మా స్కూల్లో పక్క క్లాసు సైన్స్ టీచర్‌కి. నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తా, టీచర్ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి తెలుసు, నలభై మంది పిల్లల్ని వదిలి మధ్యలో బయటికి వెళ్ళడం ఎంత కష్టమో, అందులోనూ ఈ జబ్బులో వచ్చే అర్జెంటుకి ఐదు నిమిషాలు కూడా టైమ్ ఉండదు. ఆవిడ నన్ను ఏమైంది అని ఒక్క ప్రశ్న అడగలేదండి. నేను వరండాలోకి రావడం కనపడగానే తన క్లాసుకి ఏదో రాసుకోమని చెప్పి రెండు గుమ్మాల మధ్యలో నిలబడేది, అక్కడి నుంచే మా పిల్లల్ని మూడో ఎక్కం ఏడో ఎక్కం అప్పజెప్పమనేది (ఎనిమిదో క్లాసు పిల్లల్ని ఎక్కాలా అని వాళ్ళు గొణుక్కునేవాళ్ళు, మంచిదే, చాలామందికి రావు). తర్వాత హెచ్ఎమ్ మేడమ్‌తో తనే మాట్లాడి నా ఫస్ట్ పీరియడ్ మార్పించింది, పొద్దున పూటే నాకు ఎక్కువ ఇబ్బంది అని గమనించి. హెచ్ఎమ్ మేడమ్ కూడా కారణం స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేదు. టీబీ అన్న మాట స్కూల్లో బయటపడితే పేరెంట్స్ ఎలా ఊగిపోతారో మీరే ఊహించుకోండి.

రెండోది మా ఎదురు పోర్షన్ ఆంటీకి. మేముండేది చెన్నై పెరంబూర్‌లో, మావారు ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో చేస్తారు, ఇల్లు పాతకాలంది, పోర్షన్‌కి ఒకటే బాత్రూమ్, మేం ఐదుగురం. కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) ముందురోజు పొడి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగమన్నారు, అది ఉప్పగా తియ్యగా ఒక రకమైన రుచి, తాగాక పేగులు మొత్తం కడిగేసినట్టు అయిపోవాలి, అంటే ఆ రాత్రంతా బాత్రూమ్‌లోనే. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, పిల్లలున్నారు, ఏం చెయ్యాలో తోచక నేను మెట్ల మీద కూర్చుంటే ఆంటీ వచ్చి వాళ్ళ బాత్రూమ్‌లో కొత్త బకెట్టు, సబ్బు, దోమల చుట్ట కూడా పెట్టి తలుపు తాళం నా చేతిలో పెట్టేసింది, ఈ రాత్రికి ఇది నీది, మేం కింద వాళ్ళింట్లో చూసుకుంటాం అని. నేను మొహమాటపడుతుంటే పరవాయిల్లమ్మా పరవాయిల్ల (ఫర్వాలేదమ్మా) అంటూ ఆ పొడి నీళ్ళని ఫ్రిజ్‌లో పెట్టి నిమ్మకాయ పిండి ఇచ్చింది, చల్లగా అయితేనే దిగుతుంది, ఇది ఎవరికైనా అవసరం పడొచ్చని రాస్తున్నా.

స్కోపీ గదిలో ఒక నర్సమ్మ నెల్లూరు వైపు అమ్మాయి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చే ముందు అందరూ తమిళంలో గబగబా మాట్లాడుకుంటుంటే నాకు తమిళం వచ్చి కూడా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, ఆ అమ్మాయి నా ఫైలు మీద పేరు చూసి, అక్కా ఎడం పక్కకి తిరుగు, మోకాళ్ళు పైకి మడుచుకో, నేనిక్కడే ఉంటా అంది. అంతే. నీ పేరు కూడా అడగలేదు తల్లీ, నువ్వెక్కడున్నా చల్లగా ఉండు.

ఇక డాక్టరుగారు. పెద్ద డాక్టర్లు ఐదు నిమిషాలు కూడా ఇవ్వరని అందరం అంటాం కదా, ఈయన ప్రిస్క్రిప్షన్ కాగితం తిరగేసి పేగు బొమ్మ గీసి మరీ చెప్పారు. క్రోన్స్, టీబీ రెండూ ఆ ఒక్క చోటే ఎక్కువగా పడతాయట, కెమెరాలో చూసినా ఒకేలా ఉండొచ్చట, ముక్క తీసి టెస్టుకి పంపినా రెండింట్లోనూ గ్రాన్యులోమాలు, అంటే వాపు కణాల చిన్న చిన్న గుంపులు, కనపడతాయట. నా ముక్కల్లో టీబీ క్రిమి జన్యువుని వెతికే జీన్ టెస్ట్ నెగెటివ్ వచ్చింది, హమ్మయ్య టీబీ కాదన్నమాట అన్నాను, ఆయన తల అడ్డంగా ఊపి పేగు టీబీలో క్రిములు చాలా తక్కువ ఉంటాయమ్మా, దొరికితే టీబీయే, దొరక్కపోతే కాదని చెప్పలేం అన్నారు. కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమి పెరుగుతుందేమో చూడ్డానికి, ఆరు వారాల దాకా పడుతుందన్నారు, మొన్న అది కూడా నెగెటివే వచ్చింది, దానికీ ఇదే లెక్క. కాల్‌ప్రొటెక్టిన్ అని మలం టెస్టు ఒకటుంది, అది ఎక్కువగా వచ్చింది, పేగులో వాపు ఉందని అది చెప్తుంది గానీ ఎందువల్లో చెప్పదు. సీటీలో పేగు ఒకే చోట కాకుండా మధ్యలో బాగున్న భాగం వదిలేసి ఇంకో చోట కూడా వాచి కనపడింది, అందుకే క్రోన్స్ వైపు మొగ్గు.

మరి క్రోన్స్ మందే మొదలుపెట్టొచ్చుగా అని మా తమ్ముడు గట్టిగానే అడిగాడు. దానికి ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. క్రోన్స్ అనుకుని స్టీరాయిడ్ ఇచ్చాక అది టీబీ అని తేలితే, రోగనిరోధక శక్తి తగ్గిపోయి టీబీ ఒళ్ళంతా పాకొచ్చు. అదే ముందు టీబీ మందులిచ్చి రెండు నెలలకి మళ్ళీ కెమెరా వేస్తే, పుళ్ళు మానితే టీబీ, ఆరు నెలల కోర్సు పూర్తి చేస్తే అయిపోతుంది, మానకపోతే క్రోన్స్ అని ధైర్యంగా వైద్యం మొదలుపెట్టొచ్చు. అసలు 1932లో న్యూయార్క్‌లో క్రోన్ అనే డాక్టరు ఇంకో ఇద్దరితో కలిసి ఇది విడిగా ఒక జబ్బు అని రాసేదాకా ఇలాంటి పేగుల్ని చూసి చాలా వరకు టీబీ కిందే జమకట్టేవాళ్ళట. అన్నీ తెలిసినట్టు మాట్లాడకుండా నాకింకా తెలియదమ్మా అని నా మొహం మీద చెప్పినందుకే ఆయన మీద నాకు గురి కుదిరింది.

మా అత్తగారి గురించి రాయకపోతే కళ్ళు పోతాయి. టీబీ అనగానే ఆవిడ నిజంగానే హడలిపోయింది, వాళ్ళ చిన్నప్పుడు వాళ్ళ మేనమామని తాంబరం శానటోరియంలో (టీబీ వాళ్ళని విడిగా ఉంచే ఆసుపత్రి) పెట్టారట, చూడ్డానికి కూడా పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు కాదట (ఇప్పటికీ లోకల్ ట్రైన్‌లో ఆ పేరుతోనే స్టేషనుంది, అది వచ్చినప్పుడల్లా ఆవిడ కిటికీలోంచి చూడదు). ఆవిడని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో లేదు, ఎక్స్‌రే బాగుంది, పేగులో ఒక్కచోటే ఉన్నది దగ్గితే తుమ్మితే పక్కవాళ్ళకి అంటదు అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పారు, 1956లో ఇదే మద్రాసులో చేట్‌పట్‌లో టీబీ సెంటర్ పెట్టి, ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ళకే కొందరికి ఇంట్లో ఉంచి, కొందరికి శానటోరియంలో ఉంచి మందులిచ్చి చూశారట, ఇంట్లో ఉన్నవాళ్ళకీ అంతే బాగా తగ్గింది, ఇంట్లోవాళ్ళకి దానివల్ల అదనంగా అంటుకున్నదీ లేదు, ఆ తర్వాతే ప్రపంచమంతా ఇంటి దగ్గర వైద్యం వైపు మారింది అని. ఆవిడ అంతా విని ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నేను విడిగా పెట్టుకున్న కంచం, గ్లాసు తీసి అందరివాటితో కలిపి బోర్లించేసింది, రాత్రి నేను వదిలేసిన పెరుగన్నం తనే తినేసింది. అత్తయ్యా, మీకు ఈ పోస్టు మనవడు చదివి వినిపిస్తాడు, కొట్టకండి నన్ను.

మా ఆడపడుచు వాళ్ళ ఆఫీసులో ఒక అక్క ఉంది, అనంతపురం ఆవిడ, బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటుంది, కాలేజీ రోజుల నుంచీ క్రోన్స్. ముక్కూమొహం తెలియని నాకు ఫోన్ చేసి గంట సేపు మాట్లాడింది. ఆ గంటలో ఒక్కసారి కూడా ధైర్యంగా ఉండు అనలేదు, అదే నాకు ధైర్యం. పూర్తిగా పోదు, కానీ పడుకోబెట్టొచ్చు అంది. కొన్నాళ్ళు లేస్తుంది, కొన్నాళ్ళు అసలు ఉందనే గుర్తురాదు, నాకు ఒకసారి పేగు కొంచెం కోసి తీసేశారు, ఇద్దరు పిల్లల్ని కన్నా, ఇప్పుడు ఇంజెక్షన్ మీద ఉన్నా, మొన్నే తిరుమల మెట్లెక్కా అని మామూలుగా చెప్పుకుపోయింది. నువ్వు తిన్న కారం వల్ల రాలేదు, ఎవరి మాటా వినకు అంది, ఆ మాటకి నేను ఏడ్చేశాను, ఎందుకంటే గుంటూరు వాళ్ళం అని చెప్పగానే ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కూడా అందరూ కారం గురించే క్లాసు పీకారు. ఇంకా పనికొచ్చే సంగతులు చాలా చెప్పింది: రిపోర్టులన్నీ తారీకు వారీగా ఒకే ఫైల్లో పెట్టుకో, హ్యాండ్‌బ్యాగులో ఒక జత బట్టలుంచుకో, మోకాళ్ళకి నొప్పి మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేసుకోకు, అవి పేగుల్ని రెచ్చగొడతాయి, బి12 చూపించుకో, అది ఒంటికి పట్టేది ఆ చివరి పేగులోనే. చూపించాను, తక్కువే ఉంది, ఇంజెక్షన్లు వేస్తున్నారు.

డబ్బు సంగతి కూడా దాచుకోను. సీటీకి, స్కోపీకి అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. మా వీధిలో చీటీ నడిపే అక్క, ఆ నెల చీటీ ఎత్తుకోవాల్సిన ఇంకో ఆవిడ ఇద్దరూ మాట్లాడుకుని నాకు వదిలేశారు. ఆవిడ కూతురి కమ్మల కోసం దాచుకున్న నెల అది. నా నెల వచ్చినప్పుడు నువ్వు తీసుకో అని చెప్పా, అది ఎలాగూ తీసుకుంటాలే అంది, అట్లాంటి మనిషి.

తమ్ముడు రాత్రి బండెక్కి వచ్చి ల్యాబుల చుట్టూ తిరిగాడు, వాడికి థాంక్స్ చెప్తే తంతాడు కాబట్టి చెప్పను. అమ్మ మాత్రం ఏమీ తెలియనట్టు ఈ ఏడాది కొత్త ఆవకాయ జాడీ పట్టుకొచ్చింది. పేగు కొంచెం ఇరుకైందని ప్రస్తుతానికి పీచు, గింజలు వద్దన్నారు, మెత్తటి అన్నం, ఇడ్లీ, తొక్క తీసిన సొరకాయ, గోంగూర అయితే ఆలోచించను కూడా ఆలోచించకూడదు. మావారు పాపం నా ముందు ఆవకాయ తినలేక మేడ మీదకి వెళ్ళి తినొస్తున్నారు, వాసన మాత్రం మెట్ల మీదుగా దిగొస్తోంది, అది ఆయనకి తెలియదు.

ఇప్పుడు టీబీ మాత్రలు నడుస్తున్నాయి, పరగడుపున వేసుకోవాలి. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని మందులిచ్చే అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజే హడావుడిగా ఎమర్జెన్సీకి పరిగెత్తేదాన్ని. లివర్ టెస్టు మధ్య మధ్యలో చేస్తున్నారు, ఇప్పటికి బాగానే ఉంది. రెండు నెలలు నిండాక మళ్ళీ స్కోపీ, అప్పుడు తేలుతుంది. తేలినా తేలకపోయినా ఇక్కడే రాస్తా.

ఆకు రసాలు, కషాయాలు, ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన ఇచ్చే పొడి పంపిస్తామన్న వాళ్ళందరికీ కూడా మీ ప్రేమకి దణ్ణం, కానీ దయచేసి పంపకండి, లివర్ మీద ఇప్పటికే మందుల భారం ఉంది. ఫోన్ చేసేవాళ్ళు సాయంత్రం ఐదు దాటాక చెయ్యండి, పొద్దున మాత్రలకి వికారంగా ఉంటోంది. స్కూలుకి సోమవారం నుంచి వెళ్తున్నా.