నూర్పుల వేళ కంటి చుక్కల అమ్మకంపై కన్నేయండి

సంపాదకుడు గారికి,

శ్రీకాకుళం జిల్లాలో కోతలు మొదలయ్యాయి. ఇంకొన్నాళ్ళలో నూర్పులు. ఏటా ఈ రోజుల్లోనే కంట్లో వరి ఆకు కోసుకుందనో, తూర్పారబడుతుంటే ఊక పడిందనో ఎర్రబడ్డ కళ్ళతో కూలీలు మందుల షాపుల ముందు నిలబడతారు. అడిగీ అడగక ముందే షాపువాడు ఒక చిన్న సీసా చేతిలో పెడతాడు. చాలాసార్లు అందులో ఉండేది డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. రెండు రోజుల్లో ఎరుపు, నొప్పి తగ్గుతాయి. మనిషి మళ్ళీ కళ్ళంలోకి దిగుతాడు. లోపల పుండు మాత్రం ముదురుతూనే ఉంటుంది. చివరికి కంట్లో పువ్వు వేస్తుంది.

నేను జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ పుండులో జరిగేది కాస్త వివరంగా చెప్పనివ్వండి, తొందర ఎందుకో అర్థమవుతుంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అందులో పదింట తొమ్మిది వంతులు స్ట్రోమా అనే నడిమి పొర. అక్కడ కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు వరసలు తప్పకుండా, సమానమైన ఎడంతో పేర్చి ఉండబట్టే వెలుతురు సాఫీగా లోపలికి వెళుతుంది. పైపొర గీసుకుపోయిన చోట క్రిములు దిగితే, వాటిని చంపడానికి తెల్లరక్తకణాలు వచ్చి పడతాయి. వాటి వెంట కొల్లాజెన్‌ను కోసే ఎంజైములూ వస్తాయి. మ్యాట్రిక్స్ మెటల్లోప్రోటినేజులు అంటారు, అవీ ప్రోటీన్లే. చిన్న గాయమైతే వీటికి ముకుతాడు వేసే ప్రోటీన్లు కూడా ఒంట్లోనే ఉంటాయి కాబట్టి, పాడైన పోగులు పోయి కొత్తవి అల్లుకుంటాయి. పుండు ముదిరితే ఆ అదుపు తప్పుతుంది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, క్రిముల మీదికి వచ్చిన దండు కార్నియానే కరిగించేస్తుంది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా అయితే సొంత ఎంజైములు కూడా వదులుతుంది. రోజుల్లోనే కంటికి చిల్లు పడవచ్చు. క్రిమి చచ్చాక కూడా ఈ కరుగుడు కొంతకాలం సాగవచ్చు.

కొల్లాజెన్‌ను కోసే ఈ ఎంజైమును 1962లో గ్రాస్, లాపియేర్ అనే శాస్త్రవేత్తలు మొదట పట్టుకున్నది కంట్లో కాదు, తోకకప్ప తోకలో. తోక కరిగి కప్ప కావడం ఏటా పాఠం చెప్పేవాళ్ళం కదా, ఆ కరిగించేది ఇదే. ఇది పనిచేయాలంటే జింకు కావాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆ జింకును పట్టేస్తుంది కాబట్టి, పుండు కరుగుతున్నప్పుడు కంటి డాక్టర్లు అసలు మందుకు తోడుగా ఆ మాత్రలు రాస్తుంటారు. ఇది చదివి ఎవరూ షాపుకెళ్ళి కొనుక్కోకండి.

మరి స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది కదా అనవచ్చు. ఏ క్రిమో తేల్చి, దానికి మందు పడ్డాక డాక్టర్ వాడే సందర్భాలు ఉన్నాయి. కానీ పొలంలో తగిలిన గాయాల్లో తరచుగా దిగేది ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి ఫంగస్. స్టెరాయిడ్ పడితే ఒంటి కాపలా తగ్గి అది ఇంకా లోతుకు పోతుంది. దానికి వేయాల్సింది నటామైసిన్ చుక్కలు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి పాల్గొన్న పరీక్షలో, వొరికొనజోల్ అనే ఖరీదైన ఫంగస్ మందు కన్నా అదే మెరుగని 2013లో తేలింది. మా మండల కేంద్రంలో నటామైసిన్ అడిగితే ‘పేరే వినలేదు’ అన్న షాపులోనే, డెక్సామెథాసోన్ చుక్కలు చీటీ అడక్కుండా ఇచ్చారు. అది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ మీదే అమ్మాలని లేబుల్ మీదే రాసి ఉంటుంది.

ఇక చనుబాలు పిండడం, ఆముదం వేయడం, నాలుకతో నలక తీయించడం గురించి ఏం చెప్పను! మా ఇళ్ళలోనూ చేశారు.

దారి లేక కాదు. నేపాల్‌లోని భక్తపూర్‌లో ఊరి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కార్నియా గీసుకుపోయినవాళ్ళకు 1 శాతం క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రోజుకు 3 సార్లు, 3 రోజులు వేయించారు. 2001లో ఫలితాలు అచ్చయ్యాయి. గాయమైన 18 గంటల లోపు మందు పడినవాళ్ళలో ఒక్కరికీ పుండు కాలేదు. మనకు ఊరూరా ఆశా కార్యకర్తలు ఉన్నారు. గాయం పట్టడానికి ఫ్లోరసీన్ అనే రంగు పట్టించిన కాగితం ముక్క, నీలం టార్చి చాలు. తడిపిన కాగితాన్ని కింది రెప్ప లోపల తాకించి, నీలం వెలుగులో చూస్తే గీసుకున్న చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనబడితే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. ఇచ్ఛాపురం, మందస నుంచి విశాఖ వెళ్ళాలంటే కూలీకి చార్జీలూ పోతాయి, రోజు కూలీ పోతుంది. అందుకే టెక్కలి, పలాస ఆసుపత్రుల్లోనే నటామైసిన్ నిల్వ ఉంచాలి.

జిల్లా వైద్యాధికారులు ఈ నూర్పుల లోపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఆ ఆయింట్‌మెంట్, కాగితాలు పంపాలి. ఔషధ తనిఖీ అధికారులు మండల కేంద్రాల్లోని షాపుల్లో స్టెరాయిడ్ చుక్కల అమ్మకం బిల్లులను చీటీలతో సరిచూడాలి. కుప్ప నూర్చే కూలీలకు ప్లాస్టిక్ కళ్ళద్దాలు కొనివ్వడం ఆసాములకు పెద్ద ఖర్చేమీ కాదు.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా