కిలో లెక్క మానేశాం: మీ పీసు రేటు ఇకనుంచి ఎలా వస్తుందంటే

మా దగ్గర ప్లాస్టిక్ పీసులు కొట్టించుకునే అందరికీ నమస్తే.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన కొటేషన్లు మారుతున్నాయి. చాలామందికి రేటు పెరుగుతుంది, ఒకరిద్దరికి తగ్గుతుంది కూడా. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్తుంటే నోరు ఎండిపోతోంది, పైగా ఒకరికి చెప్పింది ఇంకొకరి చెవికి ఇంకోలా చేరుతోంది. అందుకే ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నా. ఇందులో తప్పు ఎక్కువ నాదే.

హైదరాబాద్ చర్లపల్లిలో ఈ షెడ్డు పెట్టింది మా నాన్న. ఆయన కొట్టినవి మగ్గులు, సబ్బుపెట్టెలు, హ్యాంగర్లు. దానా, అంటే ప్లాస్టిక్ గుళికల రేటు మీద కిలోకి ఇంత అని మోల్డింగ్ చార్జి, అంటే కరిగించి అచ్చు పోసే కూలి, వేసుకునేవారు. పీసును తూకం వేస్తే చాలు, రేటు వచ్చేసేది. మగ్గుకు ఆ లెక్క బాగానే నడిచింది. గోడ పలుచన, ఆర్డరు లక్షల్లో, ఒకసారి డై (అచ్చు) ఎక్కిస్తే వారాల తరబడి దిగేది కాదు. నేను కూర్చున్నాక స్టార్టర్ బాక్సు మూతలు, పైపు క్లాంపులు, నైలాన్ బుష్షులు మొదలయ్యాయి. పని మారింది, లెక్క అదే. పదకొండేళ్ళు కళ్ళు మూసుకుని అదే నడిపా.

పట్టుకుంది మా ఆవిడ. ఎకౌంట్స్ తనే చూస్తుంది. "మూడు మెషిన్లూ రాత్రీ పగలూ నడుస్తున్నాయి కదా, మరి కరెంటు బిల్లుకు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఎందుకు వాడుతున్నాం?" అని ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడే ఒక స్టాప్‌వాచ్, ఒక లాంగ్ నోట్‌బుక్ కొని షెడ్డుకు పంపింది. ఏ డై ఎన్ని సెకన్లకు ఒక షాట్ (ఒకసారి పోసి తీయడం) ఇస్తోంది, రోజులో ఎంతసేపు ఆగింది, ఎన్ని పీసులు పారేశాం, అన్నీ ఆపరేటర్లతో నెలరోజులు రాయించింది.

ఒక్క పీసు సంగతి చెప్తా. వ్యవసాయ మోటార్ల స్టార్టర్ బాక్సుకు వేసే నల్ల మూత. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్, 24 గ్రాములు, డైలో రెండు క్యావిటీలు, అంటే షాట్‌కు రెండు పీసులు, డైని 120 టన్నుల బలంతో మూసి పట్టే మెషిన్. దానా కిలో 160కి కొన్నాం, మోల్డింగ్ చార్జి కిలోకి 90. అంటే కిలో 250 లెక్కన పీసు సరిగ్గా 6 రూపాయలు. రెండేళ్ళుగా అదే రేటు.

నోట్‌బుక్ చెప్పింది వేరు. 24 గ్రాముల దానా 3 రూపాయల 84 పైసలు. రన్నర్‌ను (కరిగిన ప్లాస్టిక్ వచ్చిన దారిలో గట్టిపడే ముక్క) గ్రైండ్ చేసి తిరిగి వాడుకున్నా దుమ్ము, ముద్దల కింద 3 శాతం పోతుంది. అదీ కలిపితే 3.96. నల్ల మాస్టర్‌బ్యాచ్, అంటే రంగు గుళికలు, 10 పైసలు. ఇక్కడిదాకా గొడవ లేదు. గొడవ మెషిన్ దగ్గరుంది. ఆ మెషిన్ గంట నడవాలంటే ఈఎంఐ, కరెంటు, ఆపరేటర్, అద్దె, రిపేర్లు అన్నీ కలిపి నాకు 400 అవుతుంది. మూత సైకిల్, అంటే ఒక షాట్‌కు పట్టే టైము, 39 సెకన్లు. అంటే గంటకు 92 షాట్లు, 184 పీసులు. కరెంటు పోవడం, పీసు డైలో ఇరుక్కోవడం, ఆపరేటర్ భోజనం తీసేస్తే చేతికొచ్చేది 157. 400ని 157తో భాగిస్తే పీసుకు 2.55. రిజెక్షన్ 2 శాతం, ప్యాకింగ్ పావలా. మొత్తం 6.99. దాన్నే నేను 6 రూపాయలకు అమ్ముతున్నా! ఒక్క పోయినేడాదే 40,000 మూతలు కొట్టాం. దాదాపు 40,000 రూపాయలు నా జేబులోంచి వేసి కొట్టానన్నమాట. పైగా దసరాకు ఆ కస్టమర్ స్వీట్లు పంపాడు.

అసలు 39 సెకన్లు ఎందుకు పడుతోంది? మూత గోడ 2 మిల్లీమీటర్లే. కానీ స్క్రూలు బిగించే నాలుగు మూలల్లో బాస్‌లు (స్క్రూ దిగే దిమ్మలు) గట్టిగా, నిండుగా ఉన్నాయి, ఆ చోట మందం 4 దాటింది. ప్లాస్టిక్ చల్లబడే టైము మందంతో పాటు ఊరికే పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే టైము నాలుగు రెట్లు. మిగతా మూత ఎప్పుడో గట్టిపడినా ఆ నాలుగు దిమ్మల కోసం మెషిన్ మొత్తం కాచుకుని కూర్చుంటుంది. తొందరపడి తీశామా, పైన సింక్ మార్కు (గుంట) పడుతుంది, మీరు రిజెక్ట్ చేస్తారు. బాలానగర్‌లో మా డై మేకర్‌తో మాట్లాడి బాస్‌ల మధ్యలో బోలుగా వచ్చేలా కోర్ పిన్నులు (సన్న కడ్డీలు) వేయించాం, 6,500 అయింది. సైకిల్ 30 సెకన్లకు దిగింది. పీసుకు 60 పైసలు మిగిలింది. అంటే దాదాపు 11,000 పీసులకు ఆ ఖర్చు తిరిగొచ్చేసింది. బరువు కూడా కొంచెం తగ్గింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు మాకు పడే ఖర్చు 6.39, మా మార్జిన్ 12 శాతం కలిపి రేటు 7.16.

ఆ కస్టమర్‌కు చెప్తే "ఏందన్నా, స్టాప్‌వాచ్ కొన్న ఖర్చు కూడా మా మీదనే వేసినవా?" అన్నాడు. షెడ్డుకు పిలిచి నోట్‌బుక్ చూపించా. అరగంట మెషిన్ ముందు నిలబడి తనే టైము కొట్టుకున్నాడు. ఒప్పుకున్నాడు, కానీ సంతోషంగా ఏమీ కాదు.

చిన్న ఆర్డర్ల విషయంలో నేను ఇంకా పెద్ద అన్యాయం చేశా, అదీ పెద్ద ఆర్డర్లవాళ్ళకు. డై మార్చి, హీటర్లు వేడెక్కి, పాత రంగు పోయి మొదటి మంచి పీసు వచ్చేసరికి 3 గంటలు. గంటకు 400 లెక్కన అది 1,200. మెషిన్‌లోని పాత ప్లాస్టిక్‌ను బయటికి తోసే పర్జింగ్‌కు 3 కిలోల దానా, సెట్టింగ్ పీసులకు ఇంకో కిలో, కలిపి 640. మొత్తం 1,840. 20,000 పీసుల ఆర్డర్‌లో ఇది పీసుకు 9 పైసలు, 500 పీసుల ఆర్డర్‌లో 3 రూపాయల 68 పైసలు. ఇన్నాళ్ళూ అందరికీ ఒకటే రేటు ఇచ్చి, పెద్దవాళ్ళ దగ్గర వచ్చింది చిన్న ఆర్డర్లలో పారబోశా. ఇకనుంచి కొటేషన్‌లో సెట్టింగ్ చార్జి వేరే లైనుగా ఉంటుంది, ఆర్డరుకు ఒకసారి మాత్రమే. మూడు నెలల పీసులు ఒకేసారి కొట్టించుకుంటే ఒక్క సెట్టింగే పడుతుంది, సరుకు నెల రోజులు మా షెడ్డులోనే ఉంచుతా. ఈ మాట విన్నాక 300 పీసుల కస్టమర్ ఒకాయన డై తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన్ను తప్పుపట్టను. మార్కెట్లో పెట్టి చూద్దామనుకునేవాళ్ళకు మొదటి 50 పీసులు 3డీ ప్రింట్ చేయించుకోండనే చెప్తున్నా. అంత తక్కువకు స్టీల్ డై కోయించడం డబ్బు దండగ.

"డై ఫ్రీ" అని ఎక్కడైనా విన్నారా? ఫ్రీ ఏమీ ఉండదు. 1,80,000 పెట్టి పీ20 అనే డై స్టీల్‌లో కోసిన డైని లక్ష పీసుల మీద పరిస్తే పీసుకు 1.80 పడుతుంది, అది రేటులో దాక్కుని ఉంటుంది. 30,000 పీసులయ్యాక మీరు డిజైన్ మారుస్తానంటే మిగిలిన 1,26,000 ఎవరు పెట్టుకోవాలి? గొడవ అక్కడే మొదలవుతుంది. డై డబ్బులు విడిగా కట్టండి, డై మీ పేరున ఉంటుంది, పీసు రేటు శుభ్రంగా ఉంటుంది. సరిగ్గా చూసుకుంటే ఆ స్టీల్ లక్షల షాట్లు ఇస్తుంది.

ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇంకోటి: "ఏబీఎస్ ఖరీదు కదా, అదే డైలో పీపీ పోసి ఇవ్వండి." పీపీ, అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, చవకే, తేలికే. కానీ చల్లబడినప్పుడు ఏబీఎస్ సుమారు అర శాతం కుంచించుకుంటే పీపీ ఒకటిన్నర శాతం దాకా కుంచించుకుంటుంది. 110 మిల్లీమీటర్ల మూత ఒక మిల్లీమీటరు పైగా పొట్టిదవుతుంది. బాక్సు మీద కూర్చోదు. పీపీ కావాలంటే డై గీసేముందే చెప్పాలి.

దానా రేటు క్రూడ్ ఆయిల్‌తో, డాలర్‌తో పాటు ఊగుతుంది. కొటేషన్‌లో మేం ఏ రేటుకు లెక్క కట్టామో రాస్తాం. కిలోకు 5 రూపాయలు మారితే ఆ మూత మీద 12 పైసలు మారుతుంది, పెరిగినప్పుడే కాదు, తగ్గినప్పుడు కూడా. తగ్గితే నేను మర్చిపోవచ్చు, అడగండి.

ఎండాకాలం గురించి ముందే ఒక మాట. డైని చల్లార్చే నీళ్ళను చల్లబరిచే చిల్లర్ మాకు ఒక్క మెషిన్‌కే ఉంది, మిగతా రెండూ కూలింగ్ టవర్ నీళ్ళ మీదే నడుస్తాయి. మే నెలలో ఆ నీళ్ళే గోరువెచ్చగా ఉంటాయి, సైకిల్ నాలుగైదు సెకన్లు పెరుగుతుంది. ఆ తేడా మీ మీద వెయ్యను, కానీ డెలివరీ రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది. ఇంకో చిల్లర్ వచ్చేడాది కొనాలని ఉంది, చూద్దాం.

పేమెంట్లు. మాలాంటి చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలని చట్టం ఉంది. ఆలస్యం చేస్తే ఆ ఖర్చును మీ ఇన్‌కంట్యాక్స్‌లో కట్టిన ఏడాదే చూపించుకోవాలి. 90 రోజులు లాగేవాళ్ళ వడ్డీ ఇప్పటిదాకా మిగతా అందరి రేట్లలో కొంచెం కొంచెం కలుస్తూ వచ్చింది. ఇక కలపను.

కొత్త కొటేషన్ అడిగేటప్పుడు శాంపిల్ పీసో డ్రాయింగో, మెటీరియల్, ఏడాదికి ఎన్ని, ఒక్కో ఆర్డరుకు ఎన్ని, ఇవి పంపితే రెండు రోజుల్లో ఇస్తా. పాత కస్టమర్లందరి కాగితాలూ మా ఆవిడ ఈ వారమే పంపుతుంది. లెక్కలో ఎక్కడైనా అనుమానం ఉంటే శనివారం మధ్యాహ్నం తర్వాత షెడ్డుకు రండి, పని కొంచెం తీరిగ్గా ఉంటుంది. స్టాప్‌వాచ్ మూడో నంబరు మెషిన్ పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. మీ డై ఎక్కి ఉంటే టైము మీరే కొట్టి చూసుకోవచ్చు.