సూర్యుణ్ణి బయట నిలబెట్టిన గ్యాలరీ

సంపాదకుడు గారికి,

మ్యూజియంలో పిల్లల కోసం తెరిచిన సూర్యుడి గ్యాలరీ గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన పొగడ్తల వార్త చదివాను. రిబ్బన్ కత్తిరించినవారి ఫొటో బాగుంది. దాంట్లో పిల్లలు ఎక్కడా లేరు. మా మనవరాలిని తీసుకుని వెళ్లాక కారణం తెలిసింది.

కిటికీలన్నిటికీ నల్ల తెరలు కట్టి, ఆ చీకట్లో టీవీల్లో సూర్యుణ్ణి చూపిస్తున్నారు. బయట ఎండ దంచేస్తోంది, అదీ ఉచితంగా! టచ్ స్క్రీన్లు సగం పనిచేయవు. పనిచేసేవాటిని పెద్దవాళ్ల ఛాతీ ఎత్తున బిగించారు. పిల్ల మునివేళ్ల మీద లేచి చెయ్యి చాపేసరికి కాపలా మనిషి ‘ముట్టుకోకూడదమ్మా’ అన్నాడు. అతన్ని ఏమనగలం? ఏదైనా పాడైతే ముందు అడిగేది అతన్నే.

పెద్ద సూర్యుడి బొమ్మ పక్కనే బత్తాయంత భూమిని వేలాడదీశారు. సూర్యుడు ఒక మీటరు బంతి అనుకుంటే భూమి 9 మిల్లీమీటర్ల పూస. ఆ పూస ఉండాల్సింది దాదాపు 107 మీటర్ల అవతల. పూసను పిల్లల చేతిలో పెట్టి అంత దూరం నడిపిస్తే చాలు, 15 కోట్ల కిలోమీటర్లంటే ఏమిటో కాళ్లకి తెలుస్తుంది. ఇక బోర్డు మీద ‘మండుతున్న నిప్పుల బంతి’ అని రాశారు. అక్కడ మండేదేమీ లేదు. సూర్యుడి నడిమధ్య కోటిన్నర డిగ్రీల వేడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతున్నాయి. ఐదేళ్ల పిల్లకి అదంతా చెప్పమనడం లేదు, కానీ తప్పు మాత్రం నేర్పొద్దు కదా!

అన్నిటికంటే ఒళ్లు మండించింది, వెళ్లేటప్పుడు బహుమతిగా పంచిన నల్ల కళ్లద్దాలు. వాటితో సూర్యుణ్ణి చూడొచ్చని ఏ పిల్లాడైనా అనుకోడా? మామూలు చలువ కళ్లద్దాలు ఎంత నల్లగా ఉన్నా అందుకు పనికిరావు. రెటీనా దెబ్బతింటున్నా నొప్పి కూడా తెలియదు. అట్టముక్కకి సూదితో చిల్లు పెట్టి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే, ఆ చిల్లులోంచి వచ్చే వెలుగు ఎదుటి తెల్లకాగితం మీద చిన్న సూర్యుడై పడుతుంది. ఆ అట్టముక్క పంచాలని ఒక్కరికీ తోచలేదు!

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎక్స్‌ప్లోరేటోరియం అనే సైన్సు మ్యూజియం పెట్టింది చూసేవాళ్లు ముట్టుకోవాలి, తిప్పాలి అనే. అక్కడ అద్దాలతో అసలు ఎండనే లోపలికి రప్పించి, పట్టకాలతో రంగులుగా విడదీశారు. మనవాళ్లు ఇంద్రధనుస్సును ఫ్లెక్సీ మీద ప్రింటు తీయించారు.

ఏ శాఖ చూసినా ఇదే వరస. భవనం కట్టడానికి డబ్బుంటుంది, శిలాఫలకానికి ఉంటుంది, ఊడిన స్క్రూ బిగించడానికి మాత్రం ఫైలు కదలదు. పార్కులో విరిగిన ఊయల, గ్రంథాలయంలో తాళం తీయని పిల్లల గది ఎవరికి తెలియనివి? పిల్లలు ఓట్లు వేయరు, అర్జీలూ రాయరు. రాసే నాలాంటి ముసలివాళ్లకి ‘పరిశీలిస్తాం’ అని ఒక ముక్క రాసి పడేస్తారు, అదీ గుర్తుంటే.

రెండో దశకి నిధులు అడుగుతున్నారని మీ వార్తలోనే ఉంది. అందులో ఇంకో వరస టీవీలు రాకముందే వెనక ఉన్న ఖాళీ జాగాలో కర్ర ఒకటి పాతండి. గంటగంటకీ దాని నీడ కొస దగ్గర పిల్లలతోనే సుద్దగీత పెట్టించండి. ఎండ తగిలితే రంగు మారే పూసలు కొన్ని తెప్పించండి. అతినీలలోహిత కిరణాలు కంటికి కనపడకపోయినా ఉన్నాయని అవే చెబుతాయి, టోపీ ఎందుకు పెట్టుకోవాలో కూడా. వీటికి టెండరు పిలవక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదేమో.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు