రెండో కొవ్వొత్తి

సంపాదకులకు,

డిసెంబరు వచ్చిందంటే స్టార్లు, కేకులు, డిస్కౌంట్లు, పేపర్ నిండా ఇవే. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు యేసు రాక కోసం ఎదురుచూసే ఆగమన కాలమని మా చర్చివాళ్లలోనే చాలామందికి పట్టదు, అందుకే ఈ ఉత్తరం.

ఒక సంవత్సరం తోతాపురి మామిడి ధర పడిపోయి, కాయలు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్‌లోనే కుళ్లిపోయాయి, అప్పు మిగిలింది, నిద్ర కరువైంది. ఆగమన రెండో ఆదివారం, వారానికొకటి వెలిగించేందుకు సరుగుడు కొమ్మల మధ్య పెట్టినవాటిలో రెండోదైన శాంతి కొవ్వొత్తి వెలిగించమని నన్ను పిలిచారు. చెయ్యి వణికి రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, మూడోదానికి అంటుకుంది, మైనం కారి వేలు చుర్రుమంది. ఆరోజు చదివింది యోహాను సువార్త 14వ అధ్యాయం. లోకం ఇచ్చేలాంటిది కాదు తానిచ్చే శాంతి అని యేసు శిష్యులతో అన్నది సిలువకు ముందు రాత్రి, అంటే కష్టం తీరాక కాదు, గుమ్మంలో నిలబడి ఉండగానే! ఎన్నిసార్లు విన్నానో, ఆరోజే తలకెక్కింది.

అబద్ధమెందుకు, అప్పు ఇంకా ఉంది, బ్యాంకు నుంచి ఫోనొస్తే టెన్షనే. కానీ తెల్లారుజామున ఒక కీర్తన చదువుకుని తోటకు పోతున్నాను, రాత్రి కన్ను మూతపడుతోంది.

కేకుల ఫోటోలు వద్దనను, ఆ నాలుగు ఆదివారాల గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి.

– ఒక మామిడి రైతు, చిత్తూరు