టామోక్సిఫెన్‌ను మధ్యలో మానేయొద్దు

సంపాదకులకు,

రొమ్ము క్యాన్సర్ చికిత్సలపై మీ పత్రికలో వచ్చిన కథనం ఆపరేషన్, కీమో, రేడియేషన్ గురించి వివరంగా చెప్పింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంట్లో వేసుకోవాల్సిన టామోక్సిఫెన్ మాత్రను మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టింది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ రకమే, అంటే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఊతంతో పెరిగేవే. అందులో జబ్బు తిరగబెట్టకుండా చూసే పని చాలావరకు ఆ మాత్రదే.

టామోక్సిఫెన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, సాధారణంగా 5 ఏళ్లు వాడాలి. గర్భనిరోధకంగా ప్రయత్నించి, ఆ పనికి రాక పక్కన పెట్టిన మందు ఇది. 1970లలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త వి. క్రెయిగ్ జోర్డాన్ దీన్ని ఎలుకలపై పరీక్షించారు. క్యాన్సర్ పుట్టించే రసాయనం ఇచ్చిన ఎలుకలకు కొన్నాళ్లు మందు వేసి ఆపేస్తే, ఆలస్యంగానైనా గడ్డలు వచ్చాయి. ఆపకుండా ఇచ్చినన్నాళ్లూ చాలావాటిలో రాలేదు. ఎందుకంటే ఈ మందు ముఖ్యంగా చేసేది క్యాన్సర్ కణాన్ని చంపడం కాదు. కణంలో ఈస్ట్రోజెన్ చేరాల్సిన చోటును తాను పట్టుకుని, ఎదుగుదలను ఆపుతుంది. చోటు ఖాళీ అయితే ఈస్ట్రోజెన్ మళ్లీ వచ్చి చేరుతుంది. మొదట్లో రోగులకు ఏడాది, రెండేళ్లే ఇచ్చేవారు. తర్వాత వేలమంది వివరాలు కలిపి చూస్తే ఐదేళ్ల వాడకమే మేలని తేలింది. వారిలో 15 ఏళ్ల కాలంలో ఈ క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న కొందరికి ఇప్పుడు 10 ఏళ్లు కూడా సూచిస్తున్నారు.

మానేయడానికి పెద్ద కారణం ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం. వీటికి ఉపశమనం ఉంది, డాక్టరుకు చెప్పకుండా ఊరుకోవడమే తప్పు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. టామోక్సిఫెన్‌ను కాలేయం ఎండోక్సిఫెన్ అనే రసాయనంగా మార్చాకే దానికి పూర్తి బలం వస్తుంది. దిగులుకు, ఆవిర్లకు ఇచ్చే మందుల్లో పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్, బుప్రోపియాన్ ఆ మార్పిడికి అడ్డుపడతాయి. వాటి బదులు వెన్లాఫాక్సిన్ లాంటివి రాయించుకోవచ్చు. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే ముందే చెప్పాలి. అది టామోక్సిఫెన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

గర్భసంచి విషయంలో హెచ్చరిక వచ్చిందీ జోర్డాన్ బృందం నుంచే. ఒకే చిట్టెలుకలో మనిషి రొమ్ము గడ్డనూ, గర్భాశయం లోపలి పొర గడ్డనూ నాటి చూస్తే, టామోక్సిఫెన్ మొదటిదాన్ని అణిచింది, రెండోదాన్ని పెంచింది. అందుకే ముట్లు ఆగిన స్త్రీకి ఒక్క మరక కనిపించినా వెంటనే చూపించుకోవాలి. ఏ ఇబ్బందీ లేనివారికి ఏటా స్కానింగ్ చేయిస్తే మాత్రం మేలుకంటే గందరగోళమే ఎక్కువ. మందు వల్ల పొర మందంగా కనబడి అక్కర్లేని బయాప్సీలకు (ముక్క తీసి చేసే పరీక్షలకు) దారి తీస్తుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, అత్యవసరంగా ఆస్పత్రికి వెళ్లాలి.

ఒక రోజు మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోనక్కర్లేదు. మందు ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, ఒక పూటతో పోయేదేం లేదు. నెలల తరబడి మానేస్తేనే నష్టం. వాడుతున్నన్నాళ్లూ గర్భం రాకూడదు. హార్మోన్ మాత్రలు కాకుండా కాపర్-టి, కండోమ్ వాడాలి.

కీమోతో ముట్లు ఆగిన చిన్న వయసు స్త్రీకి ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే లెట్రొజోల్ ఒక్కటే రాసేయడం మరో పొరపాటు. అండాశయాలు మళ్లీ పనిచేయడం మొదలుపెడితే ఆ మందు చాలదు. వాటిని అణిచే ఇంజెక్షన్ కూడా కావాలి.

డిశ్చార్జ్ కాగితం మీద "టామోక్సిఫెన్ 20, నెల రోజులకు" అని రాసి వదిలేస్తే, స్ట్రిప్‌లు అయిపోగానే కోర్సు పూర్తయిందని రోగి అనుకుంటుంది. ఏ నెల, ఏ సంవత్సరం దాకా వాడాలో అక్కడే రాయాలని క్యాన్సర్ డాక్టర్లను కోరుతున్నాం. మీ కథనం రెండో భాగంలో ఈ సంగతికి చోటివ్వండి.

— క్యాన్సర్ మందుల విభాగం ఫార్మసిస్టులు