తొలి హ్యాండిక్యాప్ అంటే మూడు కార్డుల సగటు కాదు

సంపాదకులకు,

కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టేవారి కోసం మీ ఆదివారం క్రీడల పేజీలో వేసిన వ్యాసం చాలావరకు బాగుంది. హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి సత్తాను బట్టి స్కోరులోంచి తగ్గించే స్ట్రోకుల (దెబ్బల) లెక్క, దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘మూడు రౌండ్ల స్కోర్ల సగటులోంచి పార్ తీసేస్తే వచ్చేదే హ్యాండిక్యాప్’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అందులో నిజం ‘మూడు రౌండ్లు’ అన్న మాట ఒక్కటే. లెక్కలో సగటు లేదు, పార్ (ఒక హోల్‌కో కోర్సుకో నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) కూడా లేదు. క్లబ్‌లో చేరబోయే కుర్రాడు మీ లెక్క వేసుకుని ‘నాది 38’ అనుకుని వచ్చి, కంప్యూటర్ 30.7 చూపిస్తే కమిటీ మీద విరుచుకుపడతాడు. అందుకే ఈ ఉత్తరం.

2020 జనవరికి ముందు ప్రపంచంలో ఆరు రకాల హ్యాండిక్యాప్ పద్ధతులు ఉండేవి. అమెరికా పద్ధతిలో తొలి హ్యాండిక్యాప్‌కు 5 స్కోరు కార్డులు కావాల్సి వచ్చేది. అక్కడ ఆడి వచ్చిన మనవాళ్లు కొందరు ఇప్పటికీ అదే చెబుతుంటారు. ఆరింటినీ కలిపి, గోల్ఫ్ నియమాలు చూసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ తెచ్చాయి. దీని ప్రకారం కొత్త ఆటగాడు మొత్తం 54 హోల్స్ ఆడిన కార్డులు ఇస్తే చాలు. మూడు 18 హోల్స్ రౌండ్లయినా సరే, ఆరు 9 హోల్స్ రౌండ్లయినా సరే, రెండూ కలిపినా సరే. గరిష్ఠ హ్యాండిక్యాప్ ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒక్కటే, 54.0. లెక్కలో అంతకు మించి వచ్చినా 54.0 దగ్గరే ఆగుతుంది.

లెక్కకు ముందు కార్డును సవరించాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇది. హ్యాండిక్యాప్ ఇంకా రాని ఆటగాడికి ఏ హోల్‌లోనైనా పార్ మీద 5 వరకే లెక్క. పార్ 4 హోల్‌లో రెండు బంతులు నీళ్లలో వేసి 12 కొట్టాడనుకోండి, లెక్కలోకి వచ్చేది 9. పార్ 5లో 11 కొడితే 10. ఒక పాడు హోల్ మొత్తం కార్డును ముంచేయకుండా పెట్టిన అడ్డుకట్ట ఇది. పోటీ కార్డు మీద మాత్రం కొట్టింది కొట్టినట్టే రాయాలి, 12 అంటే 12. సవరణ హ్యాండిక్యాప్ లెక్కకు మాత్రమే.

సవరించిన స్కోరును పోల్చేది పార్‌తో కాదు, కోర్స్ రేటింగ్‌తో. స్క్రాచ్ ఆటగాడు, అంటే సున్నా హ్యాండిక్యాప్ ఉన్నవాడు, మామూలు పరిస్థితుల్లో ఆ టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఎంత కొడతాడో చెప్పే అంకె అది. దాని పక్కనే స్లోప్ రేటింగ్ ఉంటుంది. స్క్రాచ్ ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఇంకెంత కష్టమో అది చెబుతుంది. 55 నుంచి 155 దాకా ఉండొచ్చు, ప్రామాణికం 113. గచ్చిబౌలిలో బండరాళ్ల మధ్య వేసిన బౌల్డర్ హిల్స్‌లో కొట్టిన 107నీ, విశాఖలో ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్‌లో కొట్టిన 107నీ ఒకే గాటన కట్టలేం కాబట్టే ఈ రెండు అంకెలు వచ్చాయి. పార్ ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు. 72 పార్ కోర్సులు రెండు ఉంటే ఒకటి సాధువుగా, ఇంకొకటి రాక్షసిగా ఉండొచ్చు.

ఇక లెక్క. సవరించిన స్కోరులోంచి కోర్స్ రేటింగ్ తీసేయాలి. వచ్చినదాన్ని 113తో గుణించి స్లోప్‌తో భాగించాలి. దశాంశం తర్వాత ఒక్క అంకెకు సవరిస్తే వచ్చేదాన్ని స్కోర్ డిఫరెన్షియల్ అంటారు. ఉదాహరణకు ఒక కోర్సులో పార్ 72, తెల్ల టీకి రేటింగ్ 70.8, స్లోప్ 125 అనుకుందాం. కొత్త ఆటగాడి మొదటి కార్డు 116. పైన చెప్పిన 12ను 9గా, 11ను 10గా మారిస్తే 112. రెండోది 107, మూడోది 110, వాటిలో సవరించేదేమీ లేదు. మొదటిదానికి 112లోంచి 70.8 పోతే 41.2, దాన్ని 113తో గుణించి 125తో భాగిస్తే 37.2. అదే తీరున రెండోదానికి 32.7, మూడోదానికి 35.4.

ఇక్కడ సగటు తీయరు. మూడింటిలో అన్నిటికన్నా తక్కువది ఒక్కటే తీసుకుంటారు, 32.7. అందులోంచి మళ్లీ 2.0 తగ్గిస్తారు. తొలి హ్యాండిక్యాప్ ఇండెక్స్ 30.7. సవరించిన స్కోర్లతోనే మీ వ్యాసం చెప్పినట్టు చేసినా మూడు కార్డుల సగటు 109.67, అందులోంచి పార్ 72 పోతే 37.67. ఏడు స్ట్రోకుల తేడా! ఒక శనివారం పోటీలో ఏడు స్ట్రోకులంటే కప్పు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పోతుంది.

ఆ 2.0 కోత ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కొత్త ఆటగాడు నెలనెలా మెరుగవుతుంటాడు. మూడే కార్డులతో అతని సత్తా తెలియదు కాబట్టి, చూసిన మంచి రోజుకన్నా ఇంకొంచెం మంచిగా ఆడగలడని ముందే లెక్కలో పెట్టేస్తారు. కొంచెం కఠినంగా ఉన్న మాట నిజమే, కానీ ఇది తాత్కాలికం. నాలుగో కార్డు ఇస్తే కోత 1.0కి దిగుతుంది, ఐదోదానికి ఉండదు. పై ఉదాహరణలో నాలుగో కార్డు 111, ఐదోది 108 అనుకోండి. డిఫరెన్షియల్స్ 36.3, 33.6. తక్కువది ఇంకా 32.7నే కాబట్టి ఇండెక్స్ 31.7కి, తర్వాత 32.7కి ఎక్కుతుంది. ఆట చెడలేదు, కోత పోయింది, అంతే. ఆరో కార్డు దగ్గర లెక్క మారుతుంది: తక్కువవి రెండు తీసుకుని సగటు కట్టి 1.0 తగ్గిస్తారు. ఆరోది 105 అయితే డిఫరెన్షియల్ 30.9. 30.9, 32.7ల సగటు 31.8, కోత పోగా 30.8. ‘నిన్న పెరిగింది, ఇవాళ తగ్గింది, కంప్యూటర్ పాడైంది’ అన్న ఫిర్యాదులు సాధారణంగా ఈ నాలుగో, ఐదో, ఆరో కార్డుల మధ్యే వస్తాయి.

మొదటి మూడు కార్డుల్లో తక్కువది ఒక్కటే లెక్కలోకి వస్తుందనేదానికి ఇంకో పర్యవసానం ఉంది. కావాలని హ్యాండిక్యాప్ పెంచుకుందామనుకునేవాడు మూడు కార్డులూ పాడుచేసుకోవాలి. ఒక్క రోజు మర్చిపోయి బాగా ఆడినా పథకం బెడిసికొడుతుంది. తెలియక తగ్గించుకునేవాడికి మాత్రం ఒక్క తప్పు కార్డు చాలు. కమిటీ ముందుకు ఎక్కువగా వచ్చేది ఈ రెండో రకమే.

అందులో మొదటిది టీ పొరపాటు. అదే 107ను ఆడింది తెల్ల టీ నుంచి. యాప్‌లో ఎక్కించేటప్పుడు పై వరుసలో నీలం టీ కనబడితే దాన్ని నొక్కేశాడు. నీలం టీ రేటింగ్ 72.4, స్లోప్ 131 అనుకుంటే డిఫరెన్షియల్ 29.8 అవుతుంది. అన్నిటికన్నా తక్కువది అదే కాబట్టి తొలి ఇండెక్స్ 27.8. ఒక్క వేలి తప్పుకు దాదాపు 3 స్ట్రోకులు పోయాయి. ఆడవాళ్ల, మగవాళ్ల రేటింగులు ఒకే టీకి కూడా వేరువేరుగా ఉంటాయి, అక్కడా ఇదే తిప్పలు.

రెండోది గిమ్మీ. స్నేహితుల ఆటలో బంతి హోల్‌కు నాలుగడుగుల దూరంలో ఆగితే ‘తీసేయ్ తీసేయ్’ అంటారు. అతను బంతి తీసి జేబులో వేసుకుంటాడు, కార్డు మీద ఆ పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) రాయడు. అసలు మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో ప్రతి హోల్‌లో బంతి లోపల పడాల్సిందే. హోల్ హోల్‌కూ గెలుపోటములు తేల్చే మ్యాచ్ ప్లేలో ప్రత్యర్థి వదిలేసిన పట్‌లకు ఒక కొలత ఉంది: గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద 5 అడుగులు, ఆ లోపు అయితే ఒక స్ట్రోక్ కలపాలి. అంతకన్నా దూరం, 20 గజాల వరకు అయితే ఆటగాడి నైపుణ్యాన్ని బట్టి 2 లేక 3. ఇంకా దూరమైతే 3 లేక 4. కొత్తవాడికి ఆరడుగుల పట్ అంటే రెండు రాయడమే నిజాయితీ. ఒక రౌండులో ఇలా నాలుగు స్ట్రోకులు ఎగిరిపోయి 107 కాస్తా 103 అయితే డిఫరెన్షియల్ 29.1, తొలి ఇండెక్స్ 27.1.

మలిగన్, అంటే మొదటి షాట్ నచ్చకపోతే లెక్కలేకుండా రెండో బంతి కొట్టడం, గురించి చెప్పనక్కర్లేదు. అది ఉన్న కార్డు కార్డే కాదు. పోయిన బంతి విషయం కొంచెం చిక్కు. హద్దు దాటినా, మూడు నిమిషాల వెతుకులాటలో దొరకకపోయినా ఒక పెనాల్టీ వేసుకుని, మునుపు కొట్టిన చోటికే వెనక్కి వెళ్లి కొట్టాలి. వెళ్లడం ఎందుకని పోయిన చోటనే ఒక బంతి వదిలి రెండు పెనాల్టీలతో ఆడే వీలు 2019 నుంచి ఉన్నది, అయితే అది లోకల్ రూల్. క్లబ్ దాన్ని అమలులో పెట్టిన రోజునే చెల్లుతుంది. నోటీసు బోర్డు చూడకుండా ‘అందరూ ఇలాగే ఆడతారుగా’ అని ఆడితే కార్డు నిలవదు. అనుమానం ఉన్నప్పుడు ముందుకు కదలకముందే ‘ప్రొవిజనల్’ (తాత్కాలికం) అని చెప్పి ఇంకో బంతి కొట్టేస్తే ఈ గొడవ ఉండదు.

ఒంటరిగా ఆడిన రౌండు కూడా చెల్లదు, పక్కన కనీసం ఒకరుండాలి. కోచ్ వెంట నడుస్తూ షాట్ షాట్‌కూ సరిచేసిన పాఠం, ఇద్దరు ముగ్గురు కలిసి మంచి బంతిని ఎంచుకుని ఆడే స్క్రాంబుల్, మూడే స్టిక్కులతో ఆడాలని పెట్టిన సరదా పోటీ, ఇవేవీ హ్యాండిక్యాప్‌కు పనికిరావు. డ్రైవింగ్ రేంజ్ సంగతి సరేసరి. చిన్న కోర్సుల మీద చిన్నచూపు మాత్రం అక్కర్లేదు. 2024 సవరణల తర్వాత 18 హోల్స్‌కు 1,500 గజాలు, 9 హోల్స్‌కు 750 గజాలు ఉన్నా చాలు, రేటింగ్ చేయించి ఉండాలంతే. రేటింగ్ లేని చోట ఫోన్‌లోని ఏదో యాప్ చూపించే ‘హ్యాండిక్యాప్’ కాకిలెక్క. మన దేశంలో జాతీయ సంఘం ఇండియన్ గోల్ఫ్ యూనియన్. దాని కింద ఉన్న క్లబ్ ద్వారా వచ్చిందే పోటీల్లో చెల్లుతుంది.

కార్డు ఆడిన రోజే ఇవ్వాలి. ఆ రోజు ఎండ, గాలి, తడి వల్ల స్కోర్లు మామూలుకన్నా ఎక్కువో తక్కువో వచ్చాయేమో సిస్టమ్ అర్ధరాత్రికి చూసుకుంటుంది. హ్యాండిక్యాప్ 36.0, ఆలోపు ఉన్నవారి కార్డులు కనీసం 8 ఉంటేనే ఆ లెక్క వేస్తుంది. స్కోర్లన్నీ చెడిన రోజైతే భాగించేముందు అందరి స్కోర్లలోంచి 3 వరకు తగ్గిస్తుంది, మరీ తేలికైన రోజైతే 1 కలుపుతుంది. వారం తర్వాత కార్డులన్నీ ఒక్కసారిగా తెచ్చి బల్ల మీద పెడితే అవి ఆ లెక్కలోకి రావు.

మీ వ్యాసంలో ఇంకో మాట: ‘30 హ్యాండిక్యాప్ ఉంటే ఎక్కడైనా 30 స్ట్రోకులు ఇస్తారు’. ఇదీ సరికాదు. ఇండెక్స్ ఆటగాడితో పాటు ఊరూరా తిరుగుతుంది, స్ట్రోకులు మాత్రం కోర్సును బట్టి మారతాయి. ఇండెక్స్‌ను స్లోప్‌తో గుణించి 113తో భాగించి, రేటింగ్‌లోంచి పార్ తీసేస్తే వచ్చేదాన్ని కలపాలి. మన 30.7 ఆటగాడికి సొంత కోర్సులో అది 33.96లోంచి 1.2 పోగా 32.76, అంటే 33. రేటింగ్ 67.5, స్లోప్ 110, పార్ 70 ఉన్న తేలిక కోర్సుకు వెళితే 27. స్ట్రోక్ ప్లే పోటీలో సాధారణంగా ఇందులో 95 శాతమే ఇస్తారు కాబట్టి సొంత కోర్సులో చేతికొచ్చేవి 31.

ఇండెక్స్ వచ్చిన మరుక్షణం పార్ మీద 5 అనే సవరణ పోతుంది. ఆ తర్వాత ఒక్కో హోల్‌కు పరిమితి పార్ మీద 2, దానికి ఆ హోల్‌లో అతనికి వచ్చే స్ట్రోకులు. 33 ఉన్నవాడికి స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టం వరుస, 1 అన్నిటికన్నా కష్టం) 1 నుంచి 15 వరకు రెండేసి, మిగతా మూడింటికి ఒక్కోటి వస్తాయి. అంటే కష్టమైన పార్ 4లో 8, తేలికదానిలో 7. నాలుగో కార్డులో కూడా 9 రాసుకునేవారు కనబడుతున్నారు. హోల్ హోల్‌కూ స్కోరు ఎక్కిస్తే సిస్టమే సవరించుకుంటుంది, మొత్తం ఒక్కటే ఎక్కిస్తే ఆ పని దానివల్ల కాదు.

కార్డులు ఆటగాడి సత్తాను చూపడం లేదనిపిస్తే తొలి ఇండెక్స్‌ను మార్చే అధికారం క్లబ్ కమిటీకి ఉంది. పదేళ్ల కిందట 12 హ్యాండిక్యాప్‌తో ఆడి మానేసినాయన కొత్తవాడిలా వచ్చి మూడు కార్డులిస్తే పాత రికార్డు అడగాల్సిందే. దాచడం ఆయనకే ఇబ్బంది.

మీరు సవరణ వేస్తే ఈ నాలుగు వరుసలు అచ్చువేస్తే చాలు. 3 కార్డులకు తక్కువది ఒకటి, మైనస్ 2.0. 4 కార్డులకు అదే, మైనస్ 1.0. 5 కార్డులకు అదే, కోత లేదు. 6 కార్డులకు తక్కువవి రెండింటి సగటు, మైనస్ 1.0. తర్వాత కోతలుండవు: 7, 8 కార్డులకు రెండు, 9 నుంచి 11కు మూడు, 12 నుంచి 14కు నాలుగు, 15, 16కు ఐదు, 17, 18కి ఆరు, 19కి ఏడు. 20 నుంచి ఎప్పటికీ చివరి 20లో తక్కువవి ఎనిమిది.

భవదీయుడు,
గోల్ఫ్ క్లబ్ హ్యాండిక్యాప్ కమిటీ సభ్యుడు,
విశాఖపట్నం