మన మందిరం పైకప్పు కోసం సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియులైన అన్నలకు, అక్కలకు, ఊరు విడిచి దూరాన పనిచేసుకుంటున్న మన పిల్లలకు వందనాలు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన మందిరం పైకప్పు సగం ఎగిరిపోయింది. అప్పట్లో దొరికిన పాత రేకులు వేసి, పైన టార్పాలిన్ కట్టి సరిపెట్టుకున్నాం. కొత్తది ఎందుకు వేయలేకపోయామో ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు. కొబ్బరి చెట్టు పడిపోతే మళ్లీ మొక్క నాటి కాపు చూడ్డానికి ఐదారేళ్లు ఆగాలి. జీడితోటలూ అలాగే పోయాయి. తోట పోయిన ఇంటి ముందు నిలబడి కానుక అడగడానికి మాకు నోరు రాలేదు. ఇప్పుడు వాసాలకు చెద పట్టింది. వాన పడితే సండే స్కూల్ పిల్లల్ని ఒక మూలకి జరిపి, కారే చోట బకెట్లు పెట్టి ఆరాధన చేస్తున్నాం. మళ్లీ తుఫానుల కాలం వచ్చేలోపు ఈ కప్పు దించి, ఇనుప పైపుల మీద కొత్త రేకులు వేయాలి.

డబ్బు అడిగే ముందు ఒక మాట. ఈ సంఘంలో మనసు నొచ్చుకుని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. కమిటీ ఎన్నికలప్పుడు మాటా మాటా పెరిగింది. లెక్కలు చదవలేదని కొందరు కానుక మానేశారు. ప్రేమ విందులో కొన్ని ఇళ్లవాళ్లకు వేరేగా వడ్డించిన రోజులూ ఉన్నాయి. అలాంటి సంఘానికి ఎందుకివ్వాలి అని అడిగే హక్కు వాళ్లకుంది.

మాకు తెలిసిన జవాబు బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరాల్లో ఉంది. అక్కడ నేను పౌలు మనిషిని, నేను బోధకుడు అపొల్లో మనిషిని అంటూ వర్గాలు. ప్రభువు బల్ల దగ్గరే కలిగినవాళ్లు ముందు తినేస్తే లేనివాళ్లు ఆకలితో ఉండేవాళ్లు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. పౌలు వాళ్లని గట్టిగానే గద్దించాడు. అయినా దేవుని సంఘం అనే పిలిచాడు. యెరూషలేములో ఇబ్బందుల్లో ఉన్న విశ్వాసుల కోసం కానుక పోగుచేయమని ఆ సంఘాన్నీ అడిగాడు. ముందు మీరు బాగుపడండి, తర్వాత ఇద్దురు గానీ అనలేదు.

తప్పులున్నా దూరం పెట్టని ఆ కృపను మేము మన ఊళ్లోనే చూశాం. తిత్లీ రాత్రి మా వీధిలో శ్లాబు ఇల్లు ఉన్నది సంఘానికి రావడం మానేసిన ఒక కుటుంబానికే. తలుపు తీసి, వచ్చినవాళ్లందర్నీ లోపలికి రమ్మన్నారు. ఎన్నో ఏళ్లుగా పలకరింపుల్లేని రెండిళ్ల ఆడవాళ్లు తమ పిల్లల్ని ఒకే దుప్పటి కింద పడుకోబెట్టారు. కరెంటు లేని ఆ రోజుల్లో ఒకే పొయ్యి మీద గంజి కాచుకున్నారు. ఆ కుటుంబం ఇప్పటికీ ఆరాధనకు రావడం లేదు. వాళ్లు మాకు బాకీ ఏమీ లేరు, మేమే వాళ్లకి బాకీ.

ఈ పనికి మొదటి కానుక స్త్రీల సమాజం నుంచి వచ్చింది. జీడి పిక్కలు కొట్టే పనికెళ్లే అక్కల వేళ్లు పిక్క తొక్కలోని నూనెకు కాలి, చర్మం లేచి నల్లబడి ఉంటాయి. ఆ చేతులతోనే రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతున్నారు. నెలాఖరుకి ఆ బియ్యం అమ్మి డబ్బు తెచ్చిచ్చారు. డయాలసిస్‌కి తిరిగే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు ఇవ్వొద్దని మేమే చెప్పాం. అయినా కొందరు ఇచ్చారు.

పౌలు ఆ యెరూషలేము కానుక పనిని ఒక్కరి చేతిలో పెట్టలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సోదరుణ్ణి కూడా పంపాడు. అందుకే ఖాతాలోంచి డబ్బు తీయాలంటే కోశాధికారి సంతకంతో పాటు, పాత లెక్కల మీద ప్రశ్న లేవదీసినవాళ్లలో ఒకరి సంతకం కూడా ఉండాలని తీర్మానించాం. ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క చదివి, బిల్లులు గోడకు అంటిస్తాం. దాతల పేర్లు ఫ్యాను రెక్కల మీద రాయించం, ఎవరెంత ఇచ్చారో మైకులో చదవం. మనలో చాలా మనస్పర్థలు అక్కడే మొదలయ్యాయి.

ఒక రేకు ఖరీదు ఇచ్చినా, ఒక సిమెంటు బస్తా ఇచ్చినా సంతోషమే. హైదరాబాద్, చెన్నై నుంచి పంపేవాళ్లు సంఘ ఖాతాకే పంపండి, ఎవరి సొంత ఫోన్ నంబరుకీ వేయొద్దు. రసీదు అడిగి తీసుకోండి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు భారత పౌరులే కాబట్టి సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. విదేశీ సంస్థల నుంచి, విదేశీ పౌరుల నుంచి డబ్బు తీసుకోవడానికి కావాల్సిన ప్రభుత్వ రిజిస్ట్రేషన్ మనకి లేదు, దయచేసి అలా పంపించొద్దు. ఇవ్వలేనివాళ్లు పాత రేకులు దించే రోజు ఒక పూట రండి. నొచ్చుకుని వెళ్లినవాళ్లు కానుక లేకపోయినా రండి. ఆ రోజు భోజనం అందరికీ ఒకే బంతిలో ఉంటుంది.

ఇట్లు,
సంఘ కమిటీ, ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా